ఆ 38 లైన్లు ఎందుకు పోయాయి: మా టీమ్‌లో చిన్నచూపు మీద ఒక కేస్ స్టడీ

ఖమ్మం దగ్గర ఒక ఊరి నుంచి ఆటో డ్రైవర్ ఒకాయన మా కస్టమర్ కేర్‌కి చేసిన ఫోన్ కాల్‌తో ఈ కేసు నా దాకా వచ్చింది. బీమా ప్రీమియం ఆయన ఖాతాలోంచి ఒకే రోజు రెండుసార్లు కట్ అయింది. "ఒకసారి కట్టాను కదమ్మా, మళ్లీ ఎందుకు లాగారు? రేపు పాపకి స్కూల్ ఫీజు కట్టాలి" అని అడుగుతున్నాడు. ఫోన్ ఎత్తిన అమ్మాయి దగ్గర జవాబు లేదు. "టికెట్ పెట్టాం సర్, ఐదు వర్కింగ్ డేస్‌లో వచ్చేస్తాయి" అంటోంది. ఆయన మళ్లీ అదే ప్రశ్న అడుగుతున్నాడు. నాలుగు నిమిషాల రికార్డింగ్. మా టీమ్ మీటింగ్‌లో అది మొత్తం వినిపించాను, ఎక్కడా ఆపకుండా.

డబ్బు తిరిగి ఇచ్చేశాం. ఆ నెలలో అలా రెండుసార్లు కట్ అయిన వాళ్లందరికీ ఇచ్చేశాం. కోడ్‌లో తప్పు ఎక్కడుందో రెండు గంటల్లో దొరికింది. ఆ తప్పు మా కళ్ల ముందు నుంచే ప్రొడక్షన్‌లోకి, అంటే జనం నిజంగా వాడే సిస్టమ్‌లోకి, ఎలా వెళ్లిందో తెలుసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజినీరింగ్ మేనేజర్‌ని. కంపెనీ పేరు గానీ మనుషుల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. ఇందులో కనిపించే ఇద్దరికీ ఇది ముందే చదివించాను. వాళ్లు సరే అన్నాకే బయట పెడుతున్నాను.

ముందు కోడ్ సంగతి చెప్పాలి. మా పేమెంట్స్ సిస్టమ్ పీహెచ్‌పీ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉండేది. ఏళ్ల తరబడి ఎవరెవరో చేతులు వేసిన కోడ్. దాన్ని గో అనే కొత్త భాషలోకి తిరగరాస్తున్నాం. యూపీఐ, బ్యాంకు ఆటో డెబిట్ లాంటి వాటిలో ఒక చిక్కుంది. మనం బ్యాంకుని డబ్బు అడుగుతాం, ఒక్కోసారి టైమ్‌అవుట్ అయ్యేలోపు, అంటే ఎదురుచూడటానికి పెట్టుకున్న గడువు దాటేలోపు, జవాబు రాదు. జవాబు రాలేదంటే డబ్బు కట్ కాలేదని కాదు. కట్ అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు, ఇంకో పది నిమిషాలకు కట్ కావచ్చు. ఆ క్షణాన మనకు తెలియదు, అంతే. పాత కోడ్‌లో దీనికోసం 38 లైన్ల ముక్క ఒకటి ఉండేది. జవాబు రాకపోతే అది మళ్లీ డబ్బు అడిగేది కాదు. ముందు "పాత రిక్వెస్ట్ ఏమైంది?" అని స్టేటస్ అడిగేది. పెండింగ్ అంటే ఆగి, మళ్లీ అడిగేది. ఫెయిల్ అని స్పష్టంగా వస్తేనే కొత్త రిక్వెస్ట్ పంపేది.

చూడటానికి ఆ ముక్క ఏమీ బాగుండదు. ఒకదాని లోపల ఒకటి నాలుగు ఇఫ్‌లు ("ఇలా అయితే అలా చెయ్యి" అనే షరతులు), మధ్యలో స్లీప్ (కాసేపు ఆగమనే లైను), ఒక బ్యాంకుకి మాత్రం వేరే షరతు. అది ఎందుకుందో చెప్పే కామెంట్ ఒక్కటీ లేదు. తిరగరాసేటప్పుడు దాన్ని తీసేసి, ఒక రిట్రై లైబ్రరీ (కాని పనిని మళ్లీ ప్రయత్నించే రెడీమేడ్ కోడ్) పెట్టాం. జవాబు రాకపోతే మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ప్రతిసారీ కొత్త ట్రాన్సాక్షన్ నంబర్‌తో పంపుతుంది. నంబర్ కొత్తది కాబట్టి అది పాత రిక్వెస్టే అని బ్యాంకు గుర్తుపట్టలేదు. బ్యాంకు సర్వర్లు నెమ్మదించిన ఒక నెల మొదటి తారీఖున అది బయటపడింది.

తప్పుకి మూలకారణం రాసే ఆర్‌సీఏ డాక్యుమెంట్‌లో "టైమ్‌అవుట్ తర్వాత స్టేటస్ చెక్ చేయకపోవడం" అని కారణం రాసి, సరిదిద్దిన తేదీ వేసి, సంతకం పెట్టి పంపించాను. తర్వాత ఒక సాయంత్రం, ఆ ముక్క తీసేసిన పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని కలిపేముందు మిగతావాళ్లు చూసి కామెంట్లు రాసే పేజీ) తెరిచి రివ్యూ కామెంట్లు కిందికంటా చదివాను. అసలు కేసు నాకు అక్కడ మొదలైంది.

కామెంట్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. మాట పోకుండా తెలుగులో పెడుతున్నాను. పాత సిస్టమ్ చూసుకునే డెవలపర్ ఇలా రాసింది: "పాత కోడ్‌లో టైమ్‌అవుట్ అయ్యాక స్టేటస్ చెక్ ఉంది. ఇక్కడ కనిపించడం లేదు. అది అవసరమేమో అనుకుంటున్నాను, ఒకసారి చూడగలరా?" దాని కింద మా సీనియర్ ఇంజినీర్ జవాబు: "ఇది పీహెచ్‌పీ కాదండీ. ఇవన్నీ లైబ్రరీ చూసుకుంటుంది." చివర ఒక నవ్వు బొమ్మ. ఆ జవాబుకి ఐదుగురు నవ్వు ఎమోజీ పెట్టారు. పదకొండు నిమిషాల తర్వాత ఆమె "ఓకే, నోటెడ్" అని రాసి, తన ప్రశ్నని తానే రిజాల్వ్ చేసేసింది, అంటే తేలిపోయిందని మూసేసింది. ఆ సాయంత్రమే కోడ్ మెర్జ్ అయింది, అసలు సిస్టమ్‌లో కలిసిపోయింది.

ఐదు ఎమోజీల మీద మౌస్ పెడితే పేర్లు కనిపిస్తాయి. అందులో నా పేరు ఉంది.

నేనెప్పుడు పెట్టానో నాకు గుర్తు లేదు. మీటింగ్‌ల మధ్య ఫోన్‌లో చూసి పెట్టి ఉంటాను. గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒక మనిషి నోరు మూయించడంలో నేనూ ఒక చెయ్యి వేశాను, అది నా మెదడులో నమోదు కూడా కాలేదు. ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఆ గదిలో అందరికంటే ఆ విషయం తెలిసిన మనిషి ఆమే. తెలిసిన మనిషి అడిగిన సరైన ప్రశ్న, సరైన చోట, సరైన సమయానికి వచ్చింది. మేం నవ్వి పంపించేశాం.

టీమ్ ఎలా ఉండేదంటే

మేం పది మందిమి. ఎనిమిది మంది కొత్త సిస్టమ్ రాస్తున్నారు, ఇద్దరు పాతది నడుపుతున్నారు. జీతాలు వచ్చే డబ్బు మొత్తం పాతదాంట్లోంచే వసూలయ్యేది. అయినా టీమ్ మీటింగ్‌లో పాత సిస్టమ్ గురించి మాట్లాడే వంతు చివర్లో, టైమ్ అయిపోతుండగా వచ్చేది. "లెగసీ వాళ్లు" అనేవాళ్లం. ఆ ఇద్దరిలో ఒకరే నేను చెబుతున్న డెవలపర్. ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ బడిలో తెలుగు మీడియం, తర్వాత ఊరి దగ్గరి కాలేజీలో ఎంసీఏ, అమీర్‌పేటలో కోర్సు, తొమ్మిదేళ్లుగా పీహెచ్‌పీ. ఇంగ్లిష్‌లో రాయగలదు, మాట్లాడేటప్పుడు మాత్రం ఆచితూచి, నెమ్మదిగా మాట్లాడుతుంది.

మా దగ్గర ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మేనేజర్లు తిట్ల కోసమే చూస్తారు. హెచ్‌ఆర్‌కి ఇవ్వడానికి ఒక్క వాక్యం కూడా దొరకదు. టీమ్ చాట్‌లో పీహెచ్‌పీ మీద స్టికర్లు ఉండేవి. కొత్త కోడ్‌లో ఎవరైనా తప్పు చేస్తే "ఏంటి బ్రో, పీహెచ్‌పీ బ్యాచ్‌లో చేరావా?" అనేవాళ్లు. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్‌లో) ఆమె మాట్లాడుతుంటే ఇద్దరు ముగ్గురు ల్యాప్‌టాప్‌లోకి చూసేవాళ్లు. డిజైన్ మీటింగ్‌కి పాత సిస్టమ్ వాళ్లని "అవసరమైతే పిలుద్దాం" అనుకునేవాళ్లం. అవసరమని ఎప్పుడూ అనిపించలేదు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఒక కుర్రాడు, గోలో ఇంకా సొంతంగా ఒక సర్వీస్ కూడా రాయనివాడు, వచ్చిన రెండో వారానికే పీహెచ్‌పీ మీద జోకులు వేయడం మొదలుపెట్టాడు. వాడికి పీహెచ్‌పీ రాదు. జోకు వేస్తే మనవాడు అనుకుంటారని మాత్రం అర్థమైంది. పని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, ఎవరిని చూసి నవ్వాలో నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. ఆ రెండోది వాడికి నేర్పింది మేమే.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన ఆ భాషలోనే ఇవాళ్టికీ వికీపీడియా నడుస్తోంది, వర్డ్‌ప్రెస్ నడుస్తోంది. ఫేస్‌బుక్ 2004లో పీహెచ్‌పీలోనే పుట్టింది. దాంట్లో లోపాలు లేవని అనను. ఒకే రకం పనిచేసే ఫంక్షన్లకు ఇచ్చే ఆర్గ్యుమెంట్ల (విలువల) వరస వేర్వేరుగా ఉండటం లాంటివి నిజంగా చిరాకు పెడతాయి. లోపం గురించి మాట్లాడటానికి ఆ లోపం తెలిసుండాలి. మా టీమ్‌లో నవ్విన వాళ్లలో చాలామందికి ఆ లోపాలు ఏమిటో తెలియదు.

నా వైపు

ఆ ఎమోజీ చూశాక నాలుగు నెలల రివ్యూలు వెనక్కి వెళ్లి చదివాను. రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక. ప్రతి కామెంట్ పక్కన చిన్న గుర్తు పెట్టుకున్నాను: ఇది కోడ్ గురించా, మనిషి గురించా, మనిషి వచ్చిన చోటు గురించా? మూడో రకం ఎక్కువ లేవు. ఉన్నవి మాత్రం అన్నీ ఒకే దిక్కుకి వెళ్తున్నాయి. ఇంకొకటి గమనించాను. మొదటి నెలలో ఆమె రివ్యూల్లో పొడుగాటి ప్రశ్నలు అడిగేది. రెండో నెలకి ఒక లైను. నాలుగో నెలకి బొటనవేలు బొమ్మ తప్ప ఏమీ లేదు. ఆ చివరి నెల చూసి, అప్రైజల్‌లో "రివ్యూల్లో చొరవ తక్కువ" అని రాసిందీ నేనే.

నేను ఎందుకు నవ్వాను అన్న ప్రశ్న వదల్లేదు. జవాబు నా రెజ్యూమేలో దొరికింది. నేను మొదటి నాలుగేళ్లు విజువల్ బేసిక్‌లో పనిచేశాను. మైత్రీవనం పక్క సందులో, ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చుని నేర్చుకున్నాను. ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో ఎదుటి వ్యక్తి నా రెజ్యూమే చూసి, "వీబీనా? అది ప్రోగ్రామింగ్ కాదు కదా" అన్నాడు. ఆ రాత్రే ఆ లైను తీసేశాను. నాలుగేళ్ల బతుకుతెరువుని "ఇతర టెక్నాలజీలు" అన్న రెండు మాటల్లోకి కుదించేశాను. అప్పటి నుంచి ఎవరైనా ఏదైనా పాత భాషని చూసి నవ్వితే, నేను ముందు నవ్వేవాణ్ణి. నవ్వే వైపు ఉంటే నన్నెవరూ అడగరని.

ఇది మనతో మొదలైంది కూడా కాదు. 1975లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఒక చిన్న రాతలో, కోబాల్ అనే భాష వాడితే బుర్ర చెడిపోతుందని, దాన్ని బోధించడాన్ని నేరంగా చూడాలని అన్నాడు. బేసిక్ నేర్చుకున్న విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని కూడా అందులోనే రాశాడు. అప్పటికే కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చిన మనిషి. ఆయన పని మీద నాకు ఎంతో గౌరవం ఉంది, దగ్గరి దారి వెతికే, ఆయన పేరుతో ఉన్న అల్గారిథం లేకుండా ఏ మ్యాప్ యాప్ గురించీ మాట్లాడలేం. ఆ రెండు మాటలు మాత్రం యాభై ఏళ్లుగా నోటికి నోటికి తిరుగుతున్నాయి. కోబాల్ విషయం తెలుగువాళ్లకు పరాయి సంగతి కాదు. 1990ల చివర్లో వైటూకే పని (2000 సంవత్సరం తేదీలకు పాత ప్రోగ్రాములు తప్పిపోకుండా సరిచేసే పని) వచ్చినప్పుడు, మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోర్సులు చేసి మనవాళ్లు ఎంతమంది విమానం ఎక్కారో ఇక్కడ ప్రతి కుటుంబానికీ తెలుసు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి అమీర్‌పేట బోర్డుల మీద ఉన్న పేర్లలో కోబాల్ ఒకటి. మా మేనమామ ఆ కోర్సు చేసే వెళ్లాడు. ఆయన పంపిన డబ్బుతోనే నేను చదువుకున్నాను. బుర్ర చెడిపోయిన మనిషి కాడు ఆయన.

ఆమెతో మాట్లాడినప్పుడు

మీటింగ్ రూమ్ వద్దనుకున్నాను. అద్దాల గదిలో మేనేజర్ పిలిస్తే ఎవరికైనా టెన్షనే. కింద క్యాంటీన్‌లో, జనం పలచబడ్డాక కూర్చున్నాం. నా ఎమోజీ సంగతి ముందు నేనే చెప్పి, క్షమించమని అడిగాను. ఆమె చాలాసేపు టీ కప్పు తిప్పుతూ ఉండిపోయింది.

"చూశాను సర్ అప్పుడే. మీ పేరు చూశాకే రిజాల్వ్ కొట్టాను" అంది.

సీనియర్ జవాబు ఒక్కటే అయితే మళ్లీ అడిగేదాన్నని చెప్పింది. మేనేజర్ కూడా నవ్వాడంటే ఇక అది నిర్ణయం అయిపోయినట్టే అనుకుందట. తర్వాత తన పని తీరు చెప్పింది. కామెంట్ రాయాలంటే ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటుంది. ఇంగ్లిష్ తప్పులున్నాయేమో చూసుకుంటుంది. "ఐ థింక్" అని పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుంది. పెడితే తెలియనట్టు ఉంటుంది, పెట్టకపోతే పొగరనుకుంటారు. అన్నీ సరిచూసుకుని అతికించేలోపు సగం సార్లు ఎవరో అప్రూవ్ చేసేసేవారు. ఆ 38 లైన్ల గురించి అడిగిన కామెంట్‌కి నలభై నిమిషాలు పట్టిందట.

"అందులో ఆ స్లీప్ ఎందుకుందో మీకు తెలుసా?" అని అడిగాను.

అప్పుడు ఆమె గొంతు మారింది. ఒక బ్యాంకు స్టేటస్ ఏపీఐ (మన సిస్టమ్ బ్యాంకు సిస్టమ్‌ని ప్రశ్న అడిగే దారి), డబ్బు కట్ అయిన వెంటనే అడిగితే "ఫెయిల్" అని చెప్పేదట. కాసేపాగి అడిగితే "సక్సెస్" అనేదట. ఇది కనిపెట్టడానికి తనకి మూడు రాత్రులు పట్టింది. బ్యాంకు వాళ్లతో ఎన్ని మెయిల్స్ నడిచాయో, చివరికి అక్కడి ఒక ఉద్యోగి ఫోన్‌లో నోటిమాటగా ఒప్పుకున్నదీ చెప్పింది. ఆ ప్రత్యేక షరతు ఆ బ్యాంకు కోసమే. పేపర్ నాప్కిన్ తీసుకుని, ఏ జవాబు వస్తే ఏం చేయాలో గీసి చూపించింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె ఒక్కసారి కూడా మాట వెతుక్కోలేదు. తెలుగులో మాట్లాడుతోంది, అదొక కారణం. తనకి బాగా తెలిసిన పని గురించి ఒకరు నిజంగా అడుగుతున్నారు, ఇది అంతకంటే పెద్ద కారణం. తొమ్మిదేళ్లు చేసిన మనిషిని నేను ఆ ప్రశ్న మొదటిసారి అడిగాను.

ఆ నాప్కిన్ ఫొటో తీసుకుని దాచుకున్నాను. తర్వాత మా కొత్త డిజైన్ డాక్యుమెంట్‌లో మొదటి బొమ్మ అదే అయింది.

సీనియర్‌తో

ఇతని గురించి న్యాయంగా రాయాలి. చెడ్డవాడు కాదు. ఎవరి కోడ్ ప్రొడక్షన్‌లో పడిపోయినా రాత్రి ఒంటిగంటకు కూడా ఫోన్ ఎత్తుతాడు. తను గౌరవించే వాళ్లకు ఎంత ఓపికగా నేర్పుతాడో నేను చూశాను. సమస్య ఆ "గౌరవించే" జాబితా ఎలా తయారవుతోందన్నదే.

నేను కామెంట్ చూపిస్తే మొదట, "అన్నా, సరదాకి అన్నాను, మీరు కూడా లైక్ కొట్టారు కదా" అన్నాడు. నిజమే, కొట్టాను అన్నాను. తర్వాత, "స్టాండర్డ్ తగ్గించమంటారా? తప్పుని తప్పు అనకూడదా?" అని అడిగాడు. ఇది మంచి ప్రశ్నే, దీన్ని దాటేస్తే లాభం లేదు. అతని జవాబులో స్టాండర్డ్ ఎక్కడుందో ఇద్దరం కలిసి వెతికాం. రిట్రైకి కొత్త నంబర్ వెళ్తుందా, పాతదే వెళ్తుందా అని అతను చూడలేదు. లైబ్రరీ డాక్యుమెంటేషన్ తెరవలేదు. పాత కోడ్ చదవలేదు. ఆ ప్రశ్న వేరే గో డెవలపర్ అడిగి ఉంటే చూసేవాడివా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "చూసేవాణ్ణి" అన్నాడు. అంటే చిన్నచూపు ఉన్నచోట స్టాండర్డ్ తగ్గింది. ఎవరు అడిగారో చూశాక, ఏం అడిగారో చూడాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి అతనే తెచ్చాడు, దాని గుండె లాంటి కెర్నల్‌ని రాసేవాళ్లు అంత కటువుగా ఉంటారు కాబట్టే అంత నాణ్యత అని. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబర్‌లో ఏం చేశాడో గుర్తుచేశాను. ఏళ్లుగా తన మెయిల్స్‌లో మనుషుల మీద విరుచుకుపడినందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. ఆ సమయంలోనే కెర్నల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టుకుంది. ఆయన లేనప్పుడు కెర్నల్ 4.19 వెర్షన్ విడుదలని గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ చూసుకున్నాడు, అక్టోబర్‌లో అది వచ్చింది. దాన్ని అంత కటువుగా నడిపిన మనిషే, అది తన తప్పు అన్నాడు. అది విన్నాక మా సీనియర్ వాదన ఆపేశాడు గానీ, ఒప్పుకున్నాడని నేననుకోలేదు.

వెళ్లబోతూ ఒక మాట చెప్పాడు. మొదటి ఉద్యోగంలో విదేశీ క్లయింట్ కాల్‌లో ఇతను ఏదైనా చెబితే, అవతలివాళ్లు ఒక క్షణం ఆగి, "ఇంకెవరైనా వివరించగలరా?" అనేవాళ్లట. అదే మాట వాళ్ల పక్కనే ఉండి పనిచేసే ఆన్‌సైట్ మనిషి చెబితే "గుడ్ పాయింట్" అనేవాళ్లట. రెండేళ్లు అలా గడిచింది. మన రంగంలో ఇది మెట్లు దిగుతూ వస్తుంది. ఆన్‌సైట్ వాళ్లు ఇక్కడి నుంచి పనిచేసే ఆఫ్‌షోర్‌ని, ప్రొడక్ట్ కంపెనీ వాళ్లు సర్వీస్ కంపెనీని, డెవలపర్లు టెస్టింగ్‌ని, అందరూ కలిసి సపోర్ట్‌ని. పెద్ద కాలేజీ చిన్న కాలేజీని, ఇంగ్లిష్ మీడియం తెలుగు మీడియంని. 2022లో గూగుల్ పరిశోధకులు తమ కంపెనీ కోడ్ రివ్యూల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మగవాళ్లకంటే ఆడవాళ్లకు, తెల్లవాళ్లకంటే ఆసియా వాళ్లకు, కుర్రవాళ్లకంటే వయసు పైబడిన వాళ్లకు రివ్యూల్లో ఎదురుదెబ్బలు ఎక్కువ పడుతున్నాయని తేలింది. అక్కడ మనం ఏ మెట్టు మీద ఉన్నామో అందులో కనిపిస్తుంది. ఇక్కడ మా టీమ్‌లో ఆమె ఏ మెట్టు మీద ఉందో నాకు నాలుగు నెలల రివ్యూల్లో కనిపించింది.

ఏం చేశాం, ఏది పనిచేసింది

మొదట చేసినవి రెండూ ఫలించలేదు. హెచ్‌ఆర్ ద్వారా గౌరవంగా మాట్లాడటం మీద ఒక గంట ట్రైనింగ్ పెట్టించాను. అందరూ వచ్చారు, అందరూ తలూపారు. ఆ తర్వాత స్టికర్లు వద్దని టీమ్ చాట్‌లో చెప్పాను. జోకులు ప్రైవేట్ వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్లిపోయాయని నెల తర్వాత తెలిసింది. ఆమె ఆ గ్రూప్‌లో లేదు. అంటే అంతకుముందు ఆమె ముందు జరిగేది, నా పుణ్యాన వెనక జరగడం మొదలైంది.

చిన్నవే కొన్ని పనికొచ్చాయి. కోడ్ ఫార్మాటింగ్, పేర్లు పెట్టే పద్ధతి లాంటివి మొత్తం మెషీన్‌కి అప్పగించాం. స్పేస్‌ల గురించి మనిషి మనిషిని దెప్పే అవకాశం పోయింది. రివ్యూలో "ఇది ఎందుకు?" అని ఎవరైనా అడిగితే, అడిగినవాళ్లు తృప్తిపడ్డామని చెప్పేదాకా మెర్జ్ బటన్ పనిచేయకుండా పెట్టాం. జవాబు కారణంతో ఉండాలి, లింక్ అయినా సరే, టెస్ట్ అయినా సరే. నేను రివ్యూల్లోంచి పూర్తిగా తప్పుకున్నాను, అప్రైజల్‌కి వాటిని వాడటం మానేశాను. ఇది కొత్త ఆలోచన కాదు. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1976లో కోడ్ తనిఖీల పద్ధతి రాసినప్పుడే, వాటి ఫలితాలతో మనుషుల పనితీరుకి మార్కులు వేయకూడదని చెప్పాడు. పైవాడు చూస్తున్నాడంటే రివ్యూ కాస్తా ప్రదర్శన అయిపోతుంది. పైవాడు నవ్వితే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది.

పాత కోడ్‌లో ఏ ముక్క తీసేయాలన్నా ముందు పాత సిస్టమ్ నడిపేవాళ్లతో కూర్చుని, అది ఎందుకు వచ్చిందో రాసుకోవాలని ఒక నియమం పెట్టాం. మొదటి రెండు సార్లు అందరూ విసుక్కున్నారు. మూడోసారి, ఫిబ్రవరి నెలాఖరు తేదీల మీద ఉన్న ఒక వింత షరతు గురించి ఆమెతో పనిచేసే రెండో డెవలపర్ చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైంది. కొత్త కోడ్‌లో అది లేదు. జనవరి 31న మొదలైన పాలసీలకు ప్రీమియం తేదీ తప్పిపోయేది.

అన్నిటికంటే పనిచేసింది నేను అంత ఆలోచించి చేసింది కూడా కాదు. ఆన్‌కాల్‌కి (ఏ వేళ సమస్య వచ్చినా చూసుకునే డ్యూటీకి) మనుషులు తక్కువై, రెండు వారాలు మా సీనియర్‌ని పాత సిస్టమ్ ఆన్‌కాల్‌లో ఆమెతో జతగా వేశాను. ఐదో రోజు రాత్రి రెండుంపావుకి అలర్ట్ వచ్చింది. ఒక బ్యాంకు జవాబులు సగం తెగి వస్తున్నాయి. అతనికి లాగ్ ఎక్కడ చూడాలో కూడా తెలియదు. ఆమె ఫోన్‌లో, ఒక్కో ఫైల్ పేరు చెబుతూ, ఏ లైను చూడాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పింది. నాలుగున్నరకి సర్దుకుంది. ఆ కాల్‌లో చివర అతను, "మీకివన్నీ ఎలా గుర్తుంటాయండీ?" అని అడిగాడట. "ప్రతి లైనుకీ ఒక రాత్రి ఉందండీ" అందట. ఇది నాకు అతనే చెప్పాడు, మర్నాడు, తనంతట తాను వచ్చి. ఆ వారమే ఆ 38 లైన్ల పుల్ రిక్వెస్ట్ కింద, మెర్జ్ అయిపోయిన ఎన్నో నెలల తర్వాత, అతను ఒక కామెంట్ పెట్టాడు: "ఇక్కడ అడిగిన ప్రశ్న సరైనది. నేను చూడకుండా జవాబిచ్చాను. తప్పు నాది." అందరికీ కనిపించే చోటే పెట్టాడు. జోకు అందరి ముందు వేసినప్పుడు, క్షమాపణ మాత్రం చెవిలో చెబితే సరిపోదని అతనికే అనిపించింది.

తర్వాత

ఆమె ఏడు నెలల తర్వాత వేరే కంపెనీకి వెళ్లింది. నేను ఆగమని అడిగాను. ఇక్కడ ఇప్పుడు బాగానే ఉందని, అయినా ఇక్కడ ఏదైనా రాసేముందు నోట్‌ప్యాడ్ తెరిచే అలవాటు పోవడం లేదని చెప్పింది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కొత్త ఉద్యోగానికి రెజ్యూమే తయారుచేసుకుంటూ, పీహెచ్‌పీని చివరి లైనుకి పంపాలా, అసలు తీసేయాలా అని నన్ను అడిగింది. మొదట పెట్టమన్నాను. నేను వీబీ లైను తీసేసిన సంగతి కూడా అప్పుడే చెప్పాను. టీమ్‌లో ఎవరికీ అంతకుముందు చెప్పలేదు. అక్కడ ఇంటర్వ్యూలో ముప్పావుగంట టైమ్‌అవుట్ల గురించే అడిగారట. వాళ్ల వైట్‌బోర్డ్ మీద ఆ నాప్కిన్ బొమ్మే గీసిందట.

మా దగ్గర ఇంకా కానిది చాలా ఉంది. టెస్టింగ్ వాళ్లు ఇప్పటికీ డిజైన్ మీటింగ్‌ల్లో లేరు. పోయిన వారం ఒక టెస్టర్ పెట్టిన బగ్‌ని "ఇది బగ్ కాదు, యూజర్‌కి వాడటం రాదు" అని ఒక డెవలపర్ మూసేశాడు. అదే కుర్రాడు, రెండో వారానికే జోకులు నేర్చుకున్నవాడు. ఇప్పుడు వాడికి రెండేళ్ల అనుభవం. నేను కల్పించుకునేలోపే మా సీనియర్ ఆ బగ్‌ని మళ్లీ తెరిచి, "ముందు ఆమెతో కూర్చుని ఆమె స్క్రీన్ మీద చూడు, తర్వాత మూయి" అని రాశాడు. రేపు ఉదయం పదకొండింటికి ఇద్దరూ కూర్చుంటున్నారు. ఆ బగ్ నిజంగా బగ్గేనో కాదో నాకింకా తెలియదు.